సప్పుడు లేని పదో తరగతి

జగిత్యాలలో డాక్టరమ్మ నా గొంతులోకి సన్నటి గొట్టం దింపి, పక్కనున్న తెర మీద నా గొంతును నాకే చూపించింది. ఎర్రగా, తడిగా, చిన్న గుహలా ఉంది. అందులో రెండు తెల్లటి పోగులు పక్కపక్కనే వణుకుతున్నాయి. వాటి మీద గడ్డలు, నాసిరకం నూలులో వేలికి తగిలే ఉండల్లాగా. కోరుట్లలో, సిరిసిల్లలో ఇన్నేళ్లు పిల్లల మీద అరిచింది ఈ రెండు పోగులతోనేనా అని చూస్తూ ఉండిపోయాను. వాటి మీద జాలి కలిగింది. నా మీద కాదు, వాటి మీద.

"టీచరా?" అని అడిగింది డాక్టరమ్మ.

తలూపాను.

"చూస్తనే ఎర్కైతున్నది. హైస్కూలా?"

మళ్ళీ తలూపాను.

"ఇగ నోరు తెరవద్దమ్మా. గుసగుస సుతం వద్దు, అది ఇంకా ఖరాబ్. ఎండకాలం సెలవులదాక బడి బంద్ పెట్టుర్రి. పెట్టకుంట మళ్ల ఒర్రిండ్రనుకోర్రి, ఉన్న గొంతు పోతది. అప్పుడు నన్ను అడగొద్దు."

ఆ సాయంత్రం వేములవాడ మీదుగా సిరిసిల్లకు బస్సులో వస్తుంటే లోకమంతా నీళ్లలో మునిగినట్టు కనిపించింది. మాట్లాడకూడదని తెలిశాక మనిషికి చూపు మారుతుంది. పక్క సీటు ఆమె పసుపు ధర గురించి ఏదో అడిగింది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. కండక్టరమ్మ వచ్చి "ఎక్కడికవ్వా?" అంటే ఆధార్ కార్డు తీసి చూపించాను గాని, ఊరిని వేళ్లతో ఎలా చెప్పాలో తెలియలేదు. రెండు చేతులూ అటూ ఇటూ మగ్గంలా ఆడించాను. "సిరిసిల్లనా?" అని నవ్వి టికెట్ కొట్టి చేతిలో పెట్టింది. కిటికీ అవతల వరి నారుమళ్లు పచ్చగా కదులుతున్నాయి. నాకు నిద్ర కాదు, మెలకువ కాదు. రెండింటి మధ్య ఏదో.

సెలవు పెట్టే హక్కు నాకుంది. పెట్టబుద్ధి కాలేదు. అది నా ఆఖరి పదో తరగతి. ఆ పిల్లలు పరీక్షలు రాసి వెళ్లిపోతే, మళ్ళీ బడి తెరిచేలోపు నేను రిటైరవుతాను. ఇంకో సంగతి కూడా ఉంది. నేను పదో తరగతి పాసైన మనిషినే గాని, పదో తరగతి గదిలో కూర్చుని చదివిన మనిషిని కాదు. పద్దెనిమిదేళ్లు దాటేదాకా నాకు అక్షరం రాదు. సిరిసిల్లలో సాంచాల షెడ్డులో కండెలు చుట్టేదాన్ని. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. దానిలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న బొంగు కండె. పగటి పని దిగాక పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే చోటికి వెళ్లి పలక పట్టాను. ఏడో తరగతి, పదో తరగతి బయటినుంచి పరీక్ష కట్టాను. డిగ్రీ పోస్టులో వచ్చిన పుస్తకాలతో చదివాను. ఉద్యోగం వచ్చేసరికి నా ఈడువాళ్లు సగం సర్వీసు చేసేశారు.

అందుకని ప్రతి ఏడాది పదో తరగతి గదిలోకి అడుగుపెడుతుంటే, పిలవని పెళ్లికి పోయి ముందు వరసలో కూర్చున్నట్టు ఉంటుంది నాకు. సంతోషమూ ఉంటుంది, ఎవరైనా లేపేస్తారేమో అనే గుబులూ ఉంటుంది. ఆ గది నాకు కావాలి. దొంగమాట ఎందుకు, పిల్లల కోసం మాత్రమే కాదు, నా కోసం కూడా కావాలి.

మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, నాకంటే చిన్నవాడు, మంచివాడు. ఫలితాలంటే మాత్రం జ్వరం వచ్చినంత భయం. పొద్దున్నే డాక్టరమ్మ చీటీ ఆయన బల్ల మీద పెట్టాను. చదివి కళ్లద్దాలు తీశాడు.

"మేడం, బాధపడకుర్రి. ఆరోగ్యం ముఖ్యం. మీరు ఆఫీసుల కూసోని ఆన్‌లైన్ పనులు చూడుర్రి. లేకుంటే సెలవు పెట్టుర్రి. పక్క మండలం నుంచి సోషల్ సారు ఒకాయన్ని అడిగి పదో తరగతికి ఏసుకుంట."

బల్ల మీద కాగితం తీసుకుని "నేనే చెప్తాను" అని రాశాను.

"ఎట్ల చెప్తరు? మీకు నోరు లేదు, వాళ్లకు పరీక్షలున్నయి."

కదలకుండా నిలబడ్డాను. నాకు తెలిసిన విద్యల్లో అదొకటి. ఆయనే కాసేపటికి ఊపిరి వదిలాడు.

"సరే. శనివారం నేనే స్లిప్ టెస్ట్ పెడత. పిల్లలు రాస్తే క్లాసు మీదే. రాయకుంటే ఆ సారుకు ఇచ్చేస్త. అప్పుడు నారాజ్ కావద్దు మరి."

నాకు అరవడం నేర్పింది కోరుట్ల. మొదటి ఉద్యోగం అక్కడ. బడి గోడ పక్కనే మార్కెట్టు రోడ్డు. హమాలీల కేకలు, ఆటోల హారన్లు, పసుపు లారీలు. రెండు సెక్షన్లు కలిపి ఒకే గదిలో కుక్కి నా ముందు పెట్టారు. తల్లులు బీడీలు చుడతారు, తండ్రులు చాలామంది గల్ఫ్‌లో. తల్లిదండ్రుల మీటింగంటే ఒక తల్లి ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టేది. తెరలో తండ్రి, వెనకాల ఏదో ఎడారి ఎండ. "మేడం, వాణ్ని గట్టిగ కొట్టుర్రి, నేను చెప్తున్న గద" అని అక్కడినుంచి అరిచేవాడు. కొట్టడం ఇప్పుడు లేదయ్యా అని నేనూ అరిచేదాన్ని. పాఠమూ అరుపే, హాజరూ అరుపే, మంచి మాట కూడా అరుపే. పిల్లలు నాకు 'ఒర్రుడు మేడం' అని పేరు పెట్టారు. తప్పేం లేదు, నిజమే కదా.

తర్వాత బదిలీ మీద సిరిసిల్లకు వస్తే అంతా తలకిందులు. మా బడి వెనక సాంచాల షెడ్లు. పగలంతా ఆ మోత ఆగని వానలా కిటికీల్లోంచి లోపలికి పడుతూ ఉంటుంది. గదిలో పిల్లలు మాత్రం నిశ్శబ్దం. వేరే సార్లు మురిసిపోయేవాళ్లు. "ఈ సెక్షన్ మస్తు డిసిప్లిన్ మేడం, సూది పడ్డా ఇనబడుతది" అనేవాళ్లు.

నేను నవ్వుకునేదాన్ని. సాంచాల మోతలో మాట వినపడదు. అందుకని షెడ్డులో పనిచేసేవాళ్లు గొంతు వాడరు. పెదవులు పెద్దగా కదిలిస్తారు, వేళ్లు కలుపుతారు. రెండు వేళ్లు చేర్చి టక్కున విడదీస్తే పోగు తెగింది. బొటనవేలు మెలితిప్పితే ముడి వెయ్యి. అరచెయ్యి కిందికి నొక్కితే సాంచె ఆపు. మీసం దువ్వినట్టు చేస్తే ఆసామి, అంటే సాంచాల యజమాని, వస్తున్నాడని. ఆ పిల్లలు తల్లిదండ్రులకు సద్ది పట్టుకుని షెడ్డుకు పోయి పోయి ఈ మాట పాలతోపాటు తాగారు. గదిలో సప్పుడు లేదు గాని, పీరియడంతా ముచ్చట్లే. నేను బోర్డు దగ్గరనుంచి తిరిగేసరికి కిటికీ పక్క కూర్చునే పిల్ల, కండెలు చుట్టే ఆమె బిడ్డ, పెదవులతో దోస్తుకు చెప్పేది: "ఇయ్యాల మేడం మొఖం బీము లెక్క బిగిసింది." బీము అంటే పోగులు బిర్రుగా చుట్టిన ఇనుప దూలం. పోలిక బాగానే కుదిరింది.

ఆ ముచ్చట్లు నాకు అర్థమవుతాయని ఆ పిల్లలకు చెప్పలేదు. ఎందుకు చెప్తాను? ఎవరి ఇంట్లో ఏం కూర, ఏ సారు ప్యాంటు జిప్పు పెట్టుకోవడం మరిచాడు, ఎవరికి ఏ పాఠం అర్థం కాలేదు, అన్నీ తెలిసేవి. నా పాఠం విసుగ్గా ఉందని వాళ్లు అనుకున్న రోజు ఇంకో తీరుగా మొదలుపెట్టేదాన్ని. మేడంకు మనసులో మాట తెలుస్తుందని అనుకునేవాళ్లు.

గొంతు పోయిన మొదటి రోజు గోడకున్న పెద్ద డిజిటల్ తెర పెట్టాను. మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్. తెరలో ఒకామె తియ్యటి గొంతుతో మొదటి ప్రపంచ యుద్ధం చెబుతోంది. ఆమె గొంతు, సాంచాల మోత, కడుపులో కోడిగుడ్డు కూర. యూరప్‌లో సైన్యాలు కదులుతుంటే ఇక్కడ తలలు ఒక్కొక్కటే వాలిపోయాయి. నా తల కూడా వాలింది, అబద్ధమెందుకు. మగతలో యుద్ధం మా షెడ్డులోనే జరుగుతున్నట్టు, నేను కండెలు అందిస్తున్నట్టు అనిపించింది.

రెండో రోజు బోర్డు మీద రాశాను. నా రాత నెమ్మది. అక్షరాలు నాకు పెద్దయ్యాక వచ్చాయి, ఒక్కొక్క దానికి గుడి, దీర్ఘం పెట్టి బొమ్మ గీసినట్టు గీస్తాను. సగం బోర్డు నిండేసరికి గంట కొట్టారు.

మూడో రోజు సుద్దముక్క పట్టుకుని తిరిగి చూసేసరికి కిటికీ పిల్ల పెదవులు కదులుతున్నాయి: "మేడంకు గాలి సోకింది గావచ్చు. మంత్రం ఏయించాలె."

నేనూ పెదవులు కదిలించాను. ఊపిరి కూడా వదలకుండా, షెడ్డులోలాగా: "గాలి కాదే. గొంతుల గడ్డలు లేసినయ్."

ఆ పిల్ల బొమ్మలా అయిపోయింది. తర్వాత నెమ్మదిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాట బెంచీ నుంచి బెంచీకి పాకడం నాకు కనిపించింది, గాలికి చేను వంగినట్టు.

"మేడం!" అని లేచి నిలబడింది. ఈసారి గొంతుతోనే. "మీకెట్ల ఎర్క?"

"నీ అంత ఉన్నప్పుడు కండెలు చుట్టిన" అన్నాను పెదవులతో.

"అంటే... మేమన్నయన్ని..."

"అన్ని చూసిన."

"బీము మొఖం సుతమా?"

"సుతం."

సాంచాల పిల్లలు ఘొల్లుమన్నారు. కొందరు సిగ్గుతో బెంచీల కింద దాక్కున్నారు. ఆ నవ్వు ఆగకముందే కుడివైపు వరసలో ఒక పిల్లగాడు లేచాడు. ఊరినుంచి బస్సులో వచ్చేవాడు. వాళ్ల నాన్న తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీస్తాడు. వాడి ముఖంలో నవ్వు లేదు.

"మేడం, గీ సాంచెలోళ్ల ముచ్చట మాకు రాదు. మా నాయిన తాడు మీదికెళ్లి ఒర్రుతడు, కింద మేము ఒర్రుతం. పెదవులు ఆడిచ్చుడు మాకెర్కలేదు. మరి మా సంగతేంది?"

అడగాల్సిన ప్రశ్నే. ఆ వరసంతా ఊళ్లనుంచి వచ్చే పిల్లలే. జవాబు కిటికీ పిల్లే ఇచ్చింది.

"నేను చెప్త తియ్యిరా. మేడం ఆడిస్తది, నేను ఒర్రుత."

అలా మొదలైంది. నేను బోర్డు ముందు నిలబడి పెదవులు, చేతులు ఆడిస్తే, ఆ పిల్ల బిగ్గరగా అనేది. దేశాల మధ్య ఒప్పందానికి షెడ్డులో సైగ లేదు. ముడి సైగ చేశాను. పగ పెరిగిందనడానికి పోగు బిర్రుగా గుంజి చూపించాను. నియంతకు మీసం దువ్వాను. గదంతా నిటారుగా కూర్చుంది. భోజనం తర్వాతి పీరియడ్‌లో ఒక్క తల వాలలేదు. నా చేతులు ఎప్పుడో మరిచిన పని వాటంతట అవే చేస్తున్నట్టు కదిలాయి. పాఠం చెబుతున్నానా, పాత షెడ్డులో నా ఈడు ఆడపిల్లలతో ముచ్చట పెడుతున్నానా అని ఒక్కోసారి తేడా తెలిసేది కాదు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ల పెదవులు మాత్రం ఈ పిల్లల ముఖాల మీద కదిలేవి.

శనివారం పెద్దసారు స్లిప్ టెస్ట్ పెట్టాడు. సోమవారం పొద్దున నన్ను పిలిచి ఒక పేపరు తీసి చదివాడు.

"'యుద్ధం అయినంక దేశాలన్ని ఒక్కకాడ కూసోని ముడేసుకున్నయి. జర్మనీ పోగు సన్నగున్నది. ముడి గుంజి కట్టిండ్రు. గుంజి కడితే సన్న పోగు మళ్ల తెగుతది.' ఏంది మేడం ఇది? సోషలా, సాంచాలా?"

ఇంకోటి తీశాడు. "'హిట్లర్ ఆసామి అయ్యిండు. సాంచె బంద్ చేస్తనని బెదిరిచ్చిండు.' ఎవరి సాంచె? ఊరి పిల్లల పేపర్లైతే ఇంకా ఘోరం. ఒకడు 'మేడం బొటనవేలు తిప్పింది' అని రాసి పెట్టిండు."

నాకు నవ్వు వచ్చింది. ఆయనకు రాలేదు. పేపర్లు మడిచి మెత్తగా అన్నాడు:

"చదివితే నాకు సమజైతున్నది మేడం. మనది సిరిసిల్ల కాబట్టి సమజైతున్నది. పరీక్ష పేపర్ దిద్దేటాయిన ఎక్కడోడో. ఆయినకు ఏమెర్క? సున్నా పెడతడు. పిల్లలు మునుగుతరు."

ఆయన మాటలో తప్పు లేదు. నా కోసం ఆ గది పట్టుకు వేలాడితే పిల్లలు మునుగుతారా అన్న మాట ఆ రోజంతా నా తలలో సాంచెలా ఆడింది. కాగితం మీద "ప్రీ-ఫైనల్ దాకా" అని రాశాను. ప్రీ-ఫైనల్ అంటే అసలు పరీక్షకు ముందు బడిలో పెట్టే పరీక్ష.

"గదే ఆఖరు మేడం. అండ్ల సోషల్ల దెబ్బ తిన్నరో, తెల్లారి ఆ సారు వస్తడు. ఇగ నన్ను మొహమాట పెట్టద్దు."

ఇంటికి పోతూ మా పాత షెడ్డున్న గల్లీలోంచి నడిచాను. ఒకచోట తలుపు తెరిచి ఉంది. సాంచె ఆగి ఉంది. పాత బీములో నూలు అయిపోయింది, కొత్త బీము ఎక్కించారు. అప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. అది ఒక్కరి పని కాదు. ఇటువైపు ఒకామె కూర్చుని పోగు ఏరి అందిస్తోంది. అటువైపు ఒకతను అందుకుని ముడివేస్తున్నాడు. మాటల్లేవు. అందించేవాళ్లు వరస తప్పితే ముడివేసేవాళ్లు తీసుకోరు, వేళ్లతో తోసేస్తారు. మళ్ళీ సరైన పోగు ఏరి ఇవ్వాలి. చాలాసేపు నిలబడి చూశాను. "ఏం గావాలె టీచరమ్మా?" అని అడిగాడు అతను. ఏం లేదన్నట్టు చెయ్యి ఊపి వచ్చేశాను.

మర్నాడు బెంచీలు కదిలించాను. ప్రతి సాంచాల పిల్ల పక్కన ఒక ఊరి పిల్లను, ప్రతి సాంచాల పిల్లగాడి పక్కన ఒక ఊరి పిల్లగాణ్ని కూర్చోబెట్టాను. కిటికీ పిల్లకూ, ఆ తాళ్ల పిల్లగాడికీ మధ్య నడవ మాత్రమే అడ్డం. పుస్తకం ఊరివాళ్ల చేతికి ఇచ్చాను. సాంచాలవాళ్లు నా పెదవులు చూసి పోగు అందించాలి. ఊరివాళ్లు దానికి పుస్తకంలో సరిపోయే మాట వెతికి ముడివేయాలి. సరిపోకపోతే తోసేయాలి. ఇద్దరూ ఒప్పుకున్న మాటే రాసుకోవాలి. ఒప్పుకోకపోతే లేచి పోట్లాడాలి. పోట్లాట గొంతుతోనే.

మొదటి రోజే గది కోరుట్ల అయిపోయింది.

"ముడి కాదే, ఒప్పందం అనాలె. ఇగో, గీడ రాసున్నది చూడు" అన్నాడు తాళ్ల పిల్లగాడు, నడవ అవతలి కిటికీ పిల్లతో.

"ఒప్పందమంటె ఇద్దరు ఇష్టపడాలె గదరా. జర్మనీకి ఇష్టమున్నదా? గుంజి కట్టిండ్రని మేడం అంటలేదా?"

"అయితే ఏమంటరు మరి?"

"నువ్వే చూడు, పుస్తకం నీ దగ్గరున్నది. ఉట్టిగ పట్టుకున్నవా?"

"బలవంతంగ... 'బలవంతంగా రుద్దిన ఒప్పందం'. ఉన్నది, ఉన్నది!"

"అది రాయి. ఇగ ఒప్పుకుంట."

నాకు చెయ్యడానికి పని తక్కువైంది. కాసేపు ఆడించడం, తర్వాత వాళ్ల పోట్లాట తెగేదాకా ఆగడం. నిలబడి నిలబడి కాళ్లు లాగి, ఒకరోజు వెనక బెంచీ చివర ఖాళీ ఉంటే కూర్చున్నాను. పక్కనున్న పిల్ల జరిగి చోటిచ్చి మళ్ళీ తన పుస్తకంలో పడిపోయింది. ముందు అన్నీ వీపులు, జడలు, చొక్కా కాలర్ల మీద చెమట. బోర్డు దూరంగా, చిన్నదిగా ఉంది. ఎండ కిటికీలోంచి జారి నేల మీద నెమ్మదిగా పాకుతోంది. సుద్దపొడి ఆ వెలుగులో తేలుతోంది. సాంచాలు కొడుతున్నాయి. ఎవరో మీదికి లేచి నదుల పేర్లు చెబుతున్నారు. ఎవరూ నన్ను లేపలేదు. కొంతసేపు నాకు వయసు లేదు. టీచరునని గుర్తు లేదు. గంట కొడితే అందరితోపాటు ఉలిక్కిపడ్డాను.

ప్రీ-ఫైనల్‌కు కొన్నాళ్ల ముందు పెద్దసారు చెప్పకుండా వచ్చి ఆ వెనక బెంచీలోనే కూర్చున్నాడు. ఆ రోజు వలసల పాఠం. సిరిసిల్లనుంచి భీవండికి మగ్గాల కోసం పోయినవాళ్లు, కోరుట్ల, మెట్‌పల్లినుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు. ఈ పాఠానికి సైగలు ఎక్కువ అక్కర్లేదు. అందరి ఇళ్లలోనూ ఉన్నదే. లొల్లి మామూలుగానే లేచింది. పెద్దసారు చెవులు మూసుకోవడం ఒక్కటే తక్కువ.

"ఆగుర్రి" అని లేచాడు. తాళ్ల పిల్లగాణ్ని చూపించి, "నువ్వు చెప్పు. వలసకు కారణాలేంది?"

వాడు చెప్పాడు. పని లేకపోవడం, కూలి తక్కువ కావడం, పంట పోవడం అన్నీ పుస్తకం మాటల్లోనే చెప్పాడు. ఒక కారణం మరిచాడు. వెనకనుంచి ఎవరో అందించబోతే పెద్దసారు గదమాయించాడు. ఇంకో పిల్లను అడిగితే ఆమె తప్పు చెప్పింది. మూడో పిల్ల దాన్ని సరిచేసింది. అంతా బాగా వచ్చిందని చెప్పను. కొంత వచ్చింది, కొంత రాలేదు. ఏ క్లాసులోనైనా అంతే.

పెద్దసారు నా వైపు తిరిగాడు. "మేడం, మాట్లాడే సార్ల క్లాసుల్ల సుతం ఇంత లొల్లి ఉండది. మాట్లాడని మేడం క్లాసుల ఉన్నది. గిట్లైతే పక్క క్లాసులు ఎట్ల నడుస్తయి?"

నాకు పీరియడ్ అయిపోతోందన్న తొందర. పెదవులతో అన్నాను: "మీరు జర బయటికి పోతే పాఠం అయిపోతది సార్."

ఆయనకు అర్థం కాలేదు. కిటికీ పిల్ల వైపు చూశాడు. "ఏమంటున్నది మేడం?"

ఆ పిల్ల చేతులు కట్టుకుని, మహా వినయంగా అంది: "మీరు అచ్చినందుకు మస్తు సంతోషమంటున్నరు సార్. మళ్ల రమ్మంటున్నరు."

సాంచాల పిల్లలందరూ పుస్తకాల్లోకి తలలు దూర్చారు. వాళ్ల వీపులు కదులుతున్నాయి. ఊరి పిల్లలకు అప్పటికే పెదవులు చదవడం కొంత పట్టుబడింది, వాళ్ల వీపులూ కదిలాయి. పెద్దసారు అందరినీ ఒకసారి చూసి, నన్ను చూసి, "ఊఁ" అని వెళ్లిపోయాడు. ఆయన అంత తెలివితక్కువవాడేం కాదు.

ప్రీ-ఫైనల్ రోజుల్లో నాకు తిండి పోలేదు. ఇంట్లో కూర్చుంటే పక్క మండలం సారు ఆ గదిలోకి వెళ్తున్నట్టు కనిపించేది. నా సుద్దముక్క ఆయన చేతిలో ఉండేది. నేను చెట్టు కింద నిలబడి కిటికీలోంచి చూస్తున్నట్టు, లోపల అందరూ గట్టిగా మాట్లాడుతున్నట్టు, నాకు మాత్రం ఏదీ వినపడనట్టు. పగటి పూటే, కళ్లు తెరిచి ఉండగానే ఈ కల.

పేపర్లు నన్ను దిద్దనివ్వలేదు. పెద్దసారు వేరే బడివాళ్లతో దిద్దించాడు. అది న్యాయమే. ఫలితం వచ్చిన సాయంత్రం స్టాఫ్ రూములో నా ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"కొందరు తప్పిండ్రు మేడం."

తలూపాను.

"పోయినసారి సుతం కొందరు తప్పిండ్రు, మీకు గొంతున్నప్పుడు. పోయినసారి కంటే ఎక్కువైతే కాదు." మళ్ళీ పెన్ను మూత. "దిద్దినాయిన ఫోన్ చేసి అడిగిండు. మీ పిల్లలు ఒక్కో జవాబు కింద 'అయితే' అని పెట్టి ఇంకో మాట రాస్తున్నరు, ఎవరు నేర్పిచ్చిండ్రు అన్నడు. పోట్లాడుకునుడు నేర్పిచ్చినం సార్ అన్న."

నేను ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. తీర్పు ఇంకా చెప్పలేదు.

"ఆ సారుకు రావద్దని చెప్పిన" అన్నాడు. "కిటికీలు మూసుకోని పోట్లాడుకోర్రి. పక్క క్లాసుల లెక్కల సారు నా పాణం తింటున్నడు."

నా పెదవులు ఏదో అన్నాయి. ఏమన్నాయో నాకే తెలియదు. ఆయన అనువాదం అడగకుండానే లేచి వెళ్లాడు.

ఇప్పుడు రిటైరై జగిత్యాలలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. గొంతు సగం వచ్చింది. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి బొంగురు పోతుంది. డాక్టరమ్మ నన్ను చూసినప్పుడల్లా మొండిదానివి అన్నట్టు చూస్తుంది. ఆమెకు నేను పదో తరగతి వదల్లేదని తెలుసు. వదలకుండానే నోరు మూసుకున్నానంటే మాత్రం నమ్మదు.

పక్క మండలం సారు రాడని పెద్దసారు చెప్పిన మర్నాడు పొద్దున బడికి పోయేసరికి ఆఫీసు బయట కొత్త టైంటేబులు అంటించి ఉంది. పదో తరగతి, సోషల్, నా పేరు. దగ్గరికి పోయి చదివాను. పెద్దయ్యాక చదువు వచ్చినవాళ్లకు తమ పేరు ఎక్కడ కనిపించినా ఒక్కో అక్షరం తడిమినట్టు చదివే అలవాటు పోదు.

గదిలోంచి లొల్లి వరండా దాకా వస్తోంది. కిటికీలు మూసే ఉన్నాయి, అయినా వస్తోంది. భారతదేశం పటం బల్ల మీద పరిచి దాని మీద పడి ఉన్నారంతా. గోదావరి ఎక్కడ పుట్టి ఎటు తిరుగుతుందో పోట్లాట. ధర్మపురి దగ్గర తాను మునిగి స్నానం చేశానని, నది ఎటు పోతుందో తనకంటే పుస్తకానికి ఎక్కువ తెలుసా అని తాళ్ల పిల్లగాడు. మునిగినోడు నదిని ఎట్ల చూస్తడురా, కళ్లు మూసుకుంటడు గద అని కిటికీ పిల్ల. ఒకడు స్కేలుతో పటాన్ని కొడుతున్నాడు. ఒకత్తె జడతో వాడి చెయ్యి కొడుతోంది.

నేను గుమ్మంలోకి వచ్చాను. ఎవరూ లేవలేదు. గుడ్ మార్నింగ్ మేడం అని ఎవరూ పాడలేదు. నన్ను అసలు చూడలేదు. అందరి వేళ్లూ పటం మీద, ఒకరి వేలు మీద ఒకరి వేలు. చేతిలో సుద్దముక్క చెమటకు తడిసింది. లోపలికి అడుగు వెయ్యబోయి ఆగాను. ఎవరు ముందు ఒప్పుకుంటారో చూద్దామని అక్కడే తలుపుకు ఆనుకుని నిలబడ్డాను.